పిల్లల ఆట చూసేవాళ్ళకే చలి ఎక్కువ

చలికాలంలో పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగే ఏ మైదానంలోనైనా ఒక వింత కనిపిస్తుంది. నిక్కర్లు, పల్చటి జెర్సీలు వేసుకున్న పిల్లలు బుగ్గలు ఎర్రబడి, చెమటలు కక్కుతూ పరిగెడుతుంటారు. గీత బయట లావుపాటి జాకెట్లలో ఉన్న పెద్దవాళ్ళు మాత్రం చేతులు జేబుల్లోంచి తీయరు, ఒక కాలి మీద నిలబడలేక ఇంకో కాలి మీదికి మారుతుంటారు. పిల్లల ఒంట్లో వేడి ఎక్కువని సరిపెట్టుకోవడం మామూలే. నిజానికి చిన్నపిల్లల శరీరం బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, కాబట్టి కదలకుండా నిలబెడితే పెద్దవాళ్ళకంటే వాళ్ళే త్వరగా చల్లబడతారు. వాళ్ళని కాపాడుతున్నది వయసు కాదు, పరుగు.

తీరిగ్గా కూర్చున్న ఒక పెద్దమనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని పుట్టిస్తుంది. లేచి నిలబడితే కాస్త పెరుగుతుంది, అంతే. మామూలు వేగంతో నడిస్తే దాదాపు మూడు రెట్లవుతుంది. బంతి వెంట పరిగెడుతుంటే ఆరేడు రెట్లు దాటిపోతుంది, ఎందుకంటే కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో ముప్పాతిక భాగం పైగా వేడిగానే బయటికి వస్తుంది. అంటే మైదానం లోపల ఉన్నవాళ్ళ ఒంట్లో పెద్ద పొయ్యి మండుతోంది, బయట ఉన్నవాళ్ళ ఒంట్లో చిన్న దీపం వెలుగుతోంది. ఇద్దరికీ ఒకే రకం బట్టలు ఎలా సరిపోతాయి?

దీన్ని కొలవడానికి ఒక కొలమానం కూడా ఉంది. 1941లో గాగ్, బర్టన్, బాజెట్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు బట్టల వెచ్చదనానికి 'క్లో' అనే ప్రమాణాన్ని ప్రతిపాదించారు. 21 డిగ్రీల గదిలో, గాలి దాదాపు కదలనప్పుడు, ఊరికే కూర్చున్న మనిషిని హాయిగా ఉంచే బట్టలు 1 క్లో. ప్యాంటు, చొక్కా, కోటు కలిస్తే ఇంచుమించు అంత. ఈ లెక్కనే కిందికి సాగదీస్తే, కదలకుండా ఉన్న మనిషికి ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఇంకో క్లో కావాలి. 0 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి దాదాపు 4 క్లో అవుతుంది. అదే చలిలో పరిగెత్తే పిల్లవాడికి 1 క్లో లోపే చాలు. అంటే పక్కపక్కనే ఉన్న ఇద్దరికి కావలసిన బట్టల్లో నాలుగు రెట్లకు పైగా తేడా.

చలిలో వ్యాయామం చేసేవాళ్ళకి, కొండలెక్కేవాళ్ళకి ఇచ్చే సలహాలు ప్రేక్షకులకి ఎందుకు పనికిరావో ఇక్కడే తెలుస్తుంది. మొదట కొంచెం చలిగా అనిపించేలా బట్టలు వేసుకోవాలి, పది నిమిషాల్లో ఒళ్ళు వేడెక్కుతుంది అంటారు. పరిగెత్తేవాళ్ళకి అది సరైన మాటే. గీత పక్కన నిలబడేవాళ్ళకి ఆ పది నిమిషాల తర్వాత ఒళ్ళు వేడెక్కదు, ఇంకా చల్లబడుతుంది. అలాగే చెమటని బయటికి పంపే బట్ట అంటూ ఎక్కువ డబ్బు తీసుకునే స్పోర్ట్స్ జాకెట్లు కూడా చెమటే పట్టని మనిషికి చేసే మేలు తక్కువ. ప్రేక్షకులు నేర్చుకోదగ్గది పర్వతారోహకుల దగ్గర వేరే ఉంది. పైకెక్కే స్నేహితుడి తాడు పట్టుకుని కింద నిలబడే వ్యక్తి, ఆగిన మరుక్షణమే ఒక పెద్ద వదులు జాకెట్‌ని ఉన్న బట్టలన్నిటి మీదా వేసేసుకుంటాడు. చలి వేసేదాకా ఆగడు.

ఎందుకు ఆగకూడదో చూడాలి. బట్టలు వేడిని పుట్టించవు, ఉన్న వేడిని పోనివ్వకుండా ఆపుతాయి. పార్కింగ్ నుంచి సామాను మోసుకుంటూ నడిచివచ్చిన వేడి వల్ల మొదటి పావుగంట జాకెట్ అనవసరం అనిపిస్తుంది. చాలామంది దాన్ని కుర్చీ మీద పడేసి ఆటలో మునిగిపోతారు. ఈలోగా శరీరం తన పని మొదలుపెడుతుంది. లోపలి భాగాలు చల్లబడకుండా ఉండడానికి చేతులకి, కాళ్ళకి వెళ్ళే రక్తనాళాలని బిగిస్తుంది. వేళ్ళు, చెవులు, ముక్కు కొన దగ్గర ఈ బిగింపు మరీ ఎక్కువ. ఒకసారి వేళ్ళు కొంకర్లు పోయాక గ్లౌజులు తొడిగితే, ఆ గ్లౌజులు చల్లటి వేళ్ళని చల్లగానే ఉంచుతాయి. లోపల వేడి రక్తం రావట్లేదు కదా. మళ్ళీ రక్తం రావాలంటే ఒళ్ళంతా వెచ్చబడాలి. అందుకే చేతులు చల్లబడ్డ మనిషికి కొత్త గ్లౌజులకంటే మెడ చుట్టూ మఫ్లరు, తలకి టోపీ, ఒంటికి ఇంకో పొర త్వరగా పనిచేస్తాయి.

ఎంతసేపు నిలబడాలో కూడా జనం తక్కువగా అంచనా వేస్తారు. ఆట గంటే కావచ్చు. కానీ పిల్లల్ని వార్మప్‌కి ముందే దింపాలి, ముందు మ్యాచ్ ఆలస్యమైతే ఎదురుచూడాలి, అయిపోయాక కోచ్ మాటలు పూర్తవ్వాలి, ఒక షూ ఎక్కడో పోతే వెతకాలి. కలిపి చూస్తే రెండు గంటలు. పైగా సాయంత్రం మ్యాచ్ అయితే ఎండలో మొదలై చీకట్లో ముగుస్తుంది. ఎండ నేరుగా ఒంటి మీద పడుతున్నప్పుడు థర్మామీటర్ చెప్పేదానికంటే వెచ్చగా ఉంటుంది, ఎండ పోగానే ఆ సాయం ఒక్కసారిగా ఆగిపోతుంది. మబ్బుల్లేని రాత్రి అయితే ఒంటి వేడి ఆకాశంలోకి వెళ్ళిపోతుంది కూడా. కాబట్టి బట్టలు ఎంచుకోవలసింది ఇంట్లోంచి బయల్దేరేటప్పటి చలిని బట్టి కాదు, చివరి విజిల్ వేళకి ఉండే చలిని బట్టి.

ఇక ఏ భాగాన్ని కప్పాలి అన్న ప్రశ్న. ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందని ఒక నమ్మకం చాలాకాలంగా ప్రచారంలో ఉంది. అది నిజం కాదని 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక వ్యాసం గుర్తుచేసింది. కాలిన గాయాల విస్తీర్ణం అంచనా వేయడానికి డాక్టర్లు వాడే తొమ్మిదుల లెక్క ఒకటుంది. దాని ప్రకారం పెద్దవాళ్ళ చర్మంలో తల, మెడ కలిపి 9 శాతం, ఒక్కో చెయ్యి 9, ఒక్కో కాలు 18. తల నుంచి పోయే వేడి కూడా ఇంచుమించు దాని వాటా మేరకే ఉంటుంది. అయితే టోపీ అక్కర్లేదని కాదు. ముఖం, చెవులు చలిని బాగా పసిగడతాయి, తరచూ ఏ ఆచ్ఛాదనా లేకుండా ఉండేది తలే. తక్కువ బరువుతో ఎక్కువ సుఖం ఇచ్చే వస్తువు టోపీ. కానీ టోపీ పెట్టుకున్నాం కదా అని మిగతాది వదిలేయడానికి లేదు.

ఆ లెక్కలో అసలు చూడవలసింది కాళ్ళ వాటా. రెండూ కలిపి 36 శాతం. పైన మూడు పొరలు, కింద ఒక్క జీన్స్ వేసుకుని వచ్చేవాళ్ళు ఒంట్లో మూడో వంతుకు పైగా భాగాన్ని ఒక్క పొర నూలు బట్టకి అప్పగిస్తున్నారన్నమాట. జీన్స్ ఒంటికి అతుక్కుని ఉంటాయి కాబట్టి లోపల గాలి నిలిచే చోటు కూడా ఉండదు. బట్టల్లో వెచ్చదనం ఇచ్చేది ఆ నిలిచిన గాలే. కూర్చుంటే తొడల మీద బట్ట సాగి ఇంకా పల్చబడుతుంది. జాకెట్ మీద ఇంకో జాకెట్ కొనేకంటే జీన్స్ కింద ఒక జత థర్మల్స్ వేసుకోవడం నయం. అదే డబ్బుతో వదులుగా ఉండే, గాలి చొరబడని పైప్యాంటు కొంటే ఇంకా నయం. మోకాళ్ళ కింది దాకా వచ్చే పొడవాటి కోటు మైదానంలో అందంగా కనిపించకపోవచ్చు గానీ ఈ పనికి దాన్ని మించింది తక్కువ. కూర్చునేవాళ్ళకి ఒళ్ళో దుప్పటి సరిపోతుంది, కాకపోతే గాలికి ఎగిరిపోకుండా అంచుల్ని కాళ్ళ కిందికి మడిచి పెట్టుకోవాలి.

పాదాల సంగతి వేరు. ఒంట్లో మిగతా భాగాలు గాలికి వేడిని కోల్పోతే, పాదాలు గాలికీ నేలకీ కూడా కోల్పోతాయి. గడ్డకట్టిన నేల, తడిసిన గడ్డి, కాంక్రీటు మెట్లు గంటల తరబడి వేడిని లాగుతూనే ఉంటాయి. చలికాలం మ్యాచ్‌లకి జనం ఎక్కువగా వేసుకొచ్చేది రన్నింగ్ షూ. పాదానికి గాలి ఆడాలని పైభాగం జల్లెడలాంటి బట్టతో చేసిన షూ అది. ఉదయపు మంచు పడ్డ గడ్డిలో పది అడుగులు వేస్తే చాలు, సాక్సులు తడుస్తాయి. తడిస్తే పని అయిపోయినట్టే. కదలని గాలితో పోలిస్తే నీరు సుమారు ఇరవై అయిదు రెట్లు ఎక్కువగా వేడిని మోసుకుపోతుంది.

కాబట్టి మందపాటి అడుగు ఉన్న, నీళ్ళు దిగని బూట్లు కావాలి. ఇక్కడ ఒక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. మామూలు సైజు బూట్లలో రెండు జతల సాక్సులు కుక్కుతారు. సాక్సులు నలిగి వాటిలోని గాలి పోతుంది, బూటు బిగుసుకుని రక్తం సరిగా ఆడదు. రెండు జతల సాక్సులతో పాదాలు ఒక జతకంటే చల్లగా ఉన్నాయంటే కారణం ఇదే. ఒకే మందపాటి ఉన్ని సాక్సు, లోపల వేళ్ళు ఆడించుకునేంత ఖాళీ ఉండాలి. కుదిరితే చలికాలపు బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోవాలి. బూట్లు కొనే ఉద్దేశం లేనివాళ్ళకి పైసా ఖర్చులేని మార్గం ఒకటుంది. విప్పిన అట్టపెట్టె మీదో, ఫోమ్ ముక్క మీదో, కారులో కాళ్ళ కింద వేసే రబ్బరు మ్యాట్ మీదో నిలబడడం. చూసేవాళ్ళు నవ్వుతారు, రెండో అర్ధభాగం వచ్చేసరికి చోటిమ్మని అడుగుతారు.

కూర్చునే చోటు విషయంలోనూ ఇదే జరుగుతుంది. చాలా మైదానాల్లో ప్రేక్షకుల బెంచీలు అల్యూమినియంవి. చెక్కతో పోలిస్తే అల్యూమినియం వెయ్యి రెట్లకు పైగా సులభంగా వేడిని లాగేస్తుంది. దాని మీద కూర్చుంటే జాకెట్ అంచు, ప్యాంటు మన బరువుకి నలిగి అట్టలా మారతాయి, ఎంత ఖరీదైన ఈకల కోటైనా సరే. నలగని ఫోమ్ షీటు ఒక్క వేలు మందం ఉన్నా తేడా వెంటనే తెలుస్తుంది. గాలి ఆడే వల లాంటి మడత కుర్చీలు వేసవికి చేసినవి. చలిలో వాటి కింద నుంచి, వెనక నుంచి గాలి తగులుతూనే ఉంటుంది కాబట్టి దుప్పటిని ఒళ్ళో కప్పుకునే ముందు సగం కిందికి వేసుకోవాలి.

గాలి వల్ల ఒంటికి ఎంత చలి తగులుతుందో చెప్పడానికి వాతావరణ వార్తలు విడిగా ఒక సంఖ్య ఇస్తాయి, విండ్ చిల్ అని. అంటార్కిటికాలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే పరిశోధకులు నీళ్ళు ఎంతసేపట్లో గడ్డకడుతున్నాయో గాలి వేగంతో పోల్చి చూసిన ప్రయోగాల నుంచి ఈ ఆలోచన పుట్టింది. అమెరికా, కెనడా 2001లో దీని సూత్రాన్ని మార్చాయి. కొత్త సూత్రం ప్రకారం 5 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి 0 డిగ్రీలంత చలి తగులుతుంది. 0 డిగ్రీల దగ్గర 20 కిలోమీటర్ల గాలికి మైనస్ 5లా ఉంటుంది. ఈ లెక్క నడుస్తున్న మనిషిని ఊహించుకుని వేసింది. నిలబడ్డ మనిషి నడిచే మనిషికంటే తక్కువ వేడి పుట్టిస్తాడు కాబట్టి, ఆ అంకెని ప్రేక్షకులు కాస్త ఎక్కువ సీరియస్‌గానే తీసుకోవాలి.

మైదానాలు ఎలాగూ చెట్టూ గోడా లేని బయలు. ఎంత మందంగా ఉన్నా ఉన్ని స్వెటర్, ఫ్లీస్ గాలిని ఆపలేవు. గాలి వాటి సందుల్లోంచి దూరి లోపల నిలిచిన వెచ్చటి గాలిని తోసేస్తుంది. వాటి మీద గాలి చొరబడని పల్చటి రెయిన్ జాకెట్ ఒకటి వేస్తే, దాని బరువుకి పొంతన లేనంత తేడా వస్తుంది. అది లోపలి పొరల్ని నొక్కేయనంత వదులుగా ఉండాలి. గొడుగు వర్షం లేకపోయినా వీపు వైపు గాలిని కొంత ఆపుతుంది, కానీ వెనకున్నవాళ్ళకి ఆట కనిపించదు. గొడవలు అక్కడే మొదలవుతాయి కాబట్టి ఆ సలహా ఇక్కడితో ఆపడం మంచిది.

ఒంటిని అంటుకునే పొర నూలుది కాకూడదని చలి గురించి రాసేవాళ్ళందరూ చెబుతారు. పరిగెత్తేవాళ్ళకి అది గట్టి నియమం. చెమటకి తడిసిన నూలు ఆరదు, ఆగగానే ఒళ్ళు జిల్లుమంటుంది. కదలకుండా ఉండే ప్రేక్షకులకి పొడి నూలు బనియన్ వల్ల పెద్ద నష్టం లేదు. సమస్య ఎప్పుడంటే, సామాను మోస్తూ చెమట పట్టినప్పుడు, లేదా చినుకులు పడినప్పుడు. అలాంటి అవకాశం ఉంటే ఉన్ని గాని పాలియెస్టర్ గాని నయం. ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం తేమని పీల్చుకున్నా తడిగా అనిపించదు. పాలియెస్టర్ దాదాపు ఏమీ పీల్చుకోదు, త్వరగా ఆరుతుంది. ఈకల జాకెట్ పొడి చలిలో అన్నిటికంటే తేలిక, కానీ తడిస్తే ఉండలు కట్టి వెచ్చదనం పోతుంది. వాన తుంపర్లుండే చోట కృత్రిమ దూది నింపినది నమ్మకమైనది.

చేతులకి వేళ్ళు విడివిడిగా ఉండే గ్లౌజులకంటే నాలుగు వేళ్ళూ ఒకేచోట ఉండే మిట్టెన్లు వెచ్చగా ఉంటాయి. ఫోన్‌లో వీడియో తీసేవాళ్ళు లోపల ఒక పల్చటి గ్లౌజు జత వేసుకుంటే మిట్టెన్ తీసినా చర్మం చలికి తగలదు. చేతులు వెచ్చబెట్టుకోవడానికి వాడే, చింపగానే వేడెక్కే చిన్న సంచుల్లో ఇనుప పొడి, ఉప్పు, బొగ్గు పొడి ఉంటాయి. ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తుప్పు పట్టడమే ఆ వేడి. అందుకే బిగుతైన బూట్లలో గాలి అందక చేతుల సంచి సరిగా పనిచేయదు, పాదాలకోసం తయారుచేసినవే వాడాలి. ఏదైనా సరే నేరుగా చర్మానికి ఆనించకూడదు, మొద్దుబారిన చర్మానికి కాలుతున్న సంగతి తెలియదు.

వేడి వేడి టీ ఒంటికి ఎంత వెచ్చదనం ఇస్తుంది? 60 డిగ్రీల వేడిలో ఉన్న 300 మిల్లీలీటర్ల టీ కడుపులో ఒంటి ఉష్ణోగ్రతకి దిగేసరికి ఇచ్చేది, శరీరం ఊరికే కూర్చుని అయిదు నిమిషాల్లో పుట్టించే వేడి. అంతే. టీ అసలు ఉపకారం కప్పు పట్టుకున్న చేతులకి, పట్టుకున్నవాళ్ళ మనసుకి. మద్యం అయితే నిలువునా మోసం. చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుని వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి ఆ దారినే బయటికి పోతుంది. మరో చిన్న ఇబ్బంది, చలికి చర్మం నుంచి రక్తం లోపలికి మళ్ళినప్పుడు మూత్రపిండాలు నీటిని ఎక్కువగా వదిలేస్తాయి. మూడు పొరల ప్యాంట్లతో ఉన్నవాళ్ళు టాయిలెట్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకుంటే టెన్షన్ తగ్గుతుంది.

బట్టల పరిమితి దాటాక మిగిలే ఉపాయం కదలడమే. గీత వెంట అటూ ఇటూ నడుస్తూ ఆట చూస్తే వేడి మూడు రెట్లవుతుంది. ఏ జాకెట్టూ ఇవ్వలేనిది అది. ఆట విరామంలో కారులో హీటరు ముందు కూర్చోవడంకంటే మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగిరావడం వల్ల వచ్చిన వెచ్చదనం ఎక్కువసేపు నిలుస్తుంది.

పెద్దవాళ్ళు తమ చలిని బట్టి ఆడే పిల్లలకి బట్టలు వేయడం ఇంకో తప్పు. ఆటలో పరిగెత్తే పిల్లలకి పల్చటి లోపలి పొర, టోపీ, గ్లౌజులు చాలు. లావు స్వెటర్ తొడిగితే చెమటకి తడిసి, ఆగగానే వణుకు పుడుతుంది. అయితే జట్టులో అందరూ పరిగెత్తరు. బెంచీ మీద కూర్చున్న సబ్‌స్టిట్యూట్లు, బంతి తమ వైపు రాని గోల్‌కీపర్ చలి లెక్కలో ప్రేక్షకులే. బెంచీ పక్కన జెర్సీ మీదే తొడుక్కోగలిగిన పెద్ద కోటు ఒకటి ఉంచాలి. ఆట అయిపోగానే తడి జెర్సీ మార్చడం కోచ్ ఉపన్యాసం తర్వాత కాదు, ముందే జరగాలి. అందరికంటే పట్టించుకోనిది పసిపిల్లల తోపుడు బండిలో తెచ్చిన చంటి తమ్ముణ్ణో చెల్లెల్నో. తోసేవాళ్ళకి నడకతో చెమట పడుతుంటుంది, లోపల బిడ్డ మాత్రం కదలకుండా ఉంటుంది, చలి వేస్తోందని చెప్పలేదు. చేతులు ముట్టుకుని చూస్తే సరిపోదు, మెడ వెనక గాని ఛాతీ మీద గాని తాకి చూడాలి.

వేళ్ళు తెల్లబడి తిమ్మిరెక్కడం, మాట తడబడడం, మత్తుగా, చిరాకుగా ఉండడం, వణుకు ఆగకపోవడం కనిపిస్తే స్కోరు ఎంతున్నా లోపలికి వెళ్ళిపోవాలి. గాలి 0 డిగ్రీలకంటే వెచ్చగా ఉన్నప్పుడు చర్మం గడ్డకట్టదు గానీ, తడి పాదాలు దెబ్బతినడానికి, ఒంటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి పడిపోవడానికి మైనస్ అంకెలు అవసరం లేదు. చల్లబడ్డ వేళ్ళని రుద్దకూడదు, హీటరుకి ఆనించకూడదు. చంకల్లో పెట్టుకోవడం, లేదా గోరువెచ్చటి నీళ్ళలో ముంచడం సరైనది.

తిరుగు ప్రయాణంలో జాగ్రత్త ఒకటి మిగిలి ఉంది. ఉబ్బిన చలి కోటుతోనే చిన్నపిల్లల్ని కారు సీటు బెల్టులో బిగించకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. ప్రమాదం జరిగితే కోటులోని దూది నలిగిపోయి బెల్టు వదులైపోతుంది. కోటు విప్పి, బెల్టు ఒంటికి ఆనేలా బిగించి, ఆ తర్వాత అదే కోటుని వెనకది ముందుకి తిప్పి బెల్టు మీదుగా చేతులు తొడిగితే కారు వెచ్చబడేదాకా సరిపోతుంది.